ల్యాప్‌టాప్‌లో పంపకాలు

"ఫార్మాట్ కొట్టేద్దాం మేడం. లోపల ఏమున్నయి, ఫోటోలేనా?"

అచ్చంపేటలో ఒక కంప్యూటర్ షాపులో అడిగారీ మాట. నేను ల్యాప్‌టాప్ మూసి సంచిలో పెట్టుకుంటుంటే ఆ అబ్బాయి ఇంకో సలహా కూడా ఇచ్చాడు: "ఇంట్ల సార్ ఉంటే పంపండి, నేను మాట్లాడ్త." ఇంట్లో సార్ లేడు. ఉన్నా ఆ ల్యాప్‌టాప్‌లో ఏముందో సార్‌కు తెలిసే అవకాశం లేదు. అమ్రాబాద్ బస్సెక్కాను.

లోపల ఏముందంటే, 480 పేజీల మాటలున్నాయి. 2013 నుంచి 2015 దాకా అమ్రాబాద్, మన్ననూర్ చుట్టుపక్కల చెంచు పెంటల్లో పదకొండు మంది ఆడవాళ్ళు నాతో మాట్లాడిన మాటలు. నా పీహెచ్‌డీకి అవే ఆధారం. రికార్డింగుల్లో సగానికి పైగా ఒక మెమరీ కార్డుతో పాటే పోయాయి. పదకొండు మందిలో ఇద్దరు ఇప్పుడు లేరు. యూనివర్సిటీ లైబ్రరీలో ఉన్న సిద్ధాంత గ్రంథంలో నా వాదనకు పనికొచ్చిన ముక్కలే ఉన్నాయి. మిగతాదంతా, అంటే నాకు పనికిరాదని నేను పక్కన పెట్టిన వాళ్ళ జీవితమంతా, ఈ యంత్రంలోనే ఉంది. అదీ పేజ్‌మేకర్‌లో, యూనికోడ్‌కు ముందటి డీటీపీ ఫాంట్లలో.

అది నేను టైపు చేసింది కాదు. నేను కాగితం మీద రాసుకున్నదాన్ని హైదరాబాదులో ఒక డీటీపీ సెంటర్‌లో పేజీకింత అని మాట్లాడుకుని చేయించాను. చేసిన అమ్మాయి నాకంటే చిన్నది. మన పత్రికలూ పుస్తకాలూ సిద్ధాంత గ్రంథాలూ ఎన్ని అలాంటి అమ్మాయిల వేళ్ళ మీదుగా వచ్చాయో! కృతజ్ఞతల పేజీలో గైడ్ పేరుంది, లైబ్రేరియన్ పేరుంది, ఆ అమ్మాయి పేరు లేదు. కృతజ్ఞతల పేజీ కూడా ఆమే టైపు చేసింది.

ఆ ఫాంట్ల పద్ధతి ఏమిటో అప్పుడు నాకు తెలియదు. తెర మీద 'అ' కనిపిస్తుంది. ఫైలు లోపల మాత్రం ఉన్నది ఏదో ఇంగ్లిషు అక్షరమో గుర్తో. దానికి తెలుగు ముసుగు తొడిగేది ఫాంటు. ఫాంటు తీసేస్తే పెద్దమ్మ చెప్పిన కథ డాలర్లూ కొక్కేలూ బ్రాకెట్లూ అయిపోతుంది. యూనికోడ్‌లో అలా కాదు, 'అ'కు 0సీ05 అని తన సొంత సంఖ్య ఉంటుంది, ఏ యంత్రంలోనైనా అది 'అ'నే. పేజ్‌మేకర్‌కు 2001లో వచ్చిన 7వ వెర్షనే చివరిది. నా ల్యాప్‌టాప్ 2016లో కొన్నది. విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో మామూలు మద్దతు ఆగిపోయింది, 11 కావాలంటే ఈ ప్రాసెసర్ సరిపోదు. కొత్తది కొనుక్కోమని తమ్ముడన్నాడు. కొత్తదాంట్లో ఆ ఫైళ్ళు తెరుచుకుంటాయన్న హామీ ఎవరిస్తారు?

నేను పని చేసిన ఇదే అమ్రాబాద్ పీఠభూమి మీద 1940లో హైమెండార్ఫ్ తన భార్య బెట్టీతో కలిసి తిరిగాడు. చెంచుల మీద ఆయన పుస్తకం 1943లో లండన్‌లో అచ్చయింది. ఆయన తీసిన ఫోటోలూ ఫిల్ములూ ఇవాళ్టికీ లండన్‌లోని సోయాస్‌లో భద్రంగా ఉన్నాయి. ఎనభై ఏళ్ళ నాటి తెల్లదొర ఫిల్ము బతికే ఉంది. ఇక్కడి భాషే మాట్లాడే నేను రాసుకొచ్చిన పదేళ్ళ నాటి మాటలు ఒక 'ఫార్మాట్' దూరంలో ఉన్నాయి. ఈ పోలికలో ఆయన తప్పేమీ లేదు, నా అశ్రద్ధే ఉంది.

అందుకే రెండూ ఉంచుకోవాలని నిర్ణయించుకున్నాను. పాత ఫైళ్ళు తెరవడానికి విండోస్, ఇక ముందు బతకడానికి లినక్స్. ఒకే యంత్రంలో రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు, ఏది కావాలంటే దాంట్లోకి. డ్యూయల్ బూట్ అంటారు. లినక్స్ ఉచితం, పాత యంత్రం మీదా నడుస్తుంది. హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థ వాళ్ళు దాన్ని తెలుగులోకి తేవడానికి పని చేశారని విద్యార్థిగా ఉన్నప్పుడే విన్నాను. విని, అది ఇంజనీరింగ్ పిల్లల సంగతి అనుకుని ఊరుకున్నాను. స్త్రీల మాట గురించి, భాష మీద అధికారం గురించి అన్ని పేజీలు రాసిన దాన్ని, ఆ మాట దాగి ఉన్న పెట్టె తాళం ఎవరి దగ్గరుందో ఎన్నడూ అడగలేదు. కంప్యూటర్‌కు ఏ జబ్బు చేసినా తమ్ముడు, కాకపోతే షాపు.

మొదట అన్నీ ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేసుకున్నాను. ఇది ఎందుకు ముందు చేయాలో మా ప్రాంతం వాళ్ళకు చెప్పనక్కర్లేదు. చెంచులు కొండ అంచు నుంచి తాడు మీద దిగి తేనె తీస్తారు. పైన తాడు పట్టుకునేది బామ్మర్ది. చెల్లెలి బతుకు ఆ తాడు మీదుంది కనక వాడు వదలడని లెక్క. ఇది నాకు చెప్పిన పెద్దమ్మ మాటలు 212వ పేజీలో ఉన్నాయి.

ఐదు జీబీకి పైగా ఉన్న ఉబుంటు ఫైలు హైదరాబాదులోనే దింపుకుని పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి తెచ్చుకున్నాను. ఇక డిస్క్‌లో చోటు చేయాలి. అమ్మ బియ్యం చెరుగుతూ అడిగింది.

"పొద్దటిసంది దాన్నే సూస్తున్నవ్, ఏం జేస్తున్నవ్ బిడ్డా?"

"పార్టిషన్ చేస్తున్ననమ్మా."

చాట ఆగింది. "పార్టిషనా? ఎవలెవలకు?"

పాతదానికీ కొత్తదానికీ అని చెప్పాను. 465 జీబీలో ఎంత వదులుతావని విండోస్‌నే అడిగితే 70 దగ్గర ఆగిపోయింది. సగం పైన ఖాళీగా ఉంది, అయినా అంతే. అమ్మకు లెక్క చెప్తే ఆమె ఆశ్చర్యపోలేదు. "ఇచ్చేటోన్నే అడిగితే అంతే ఇస్తడు" అంది.

అమ్మ పెళ్ళి 1984లో అయింది. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకు హక్కిచ్చిన ఆంధ్రప్రదేశ్ చట్టం 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది, అదీ అప్పటికి పెళ్ళి కానివాళ్ళకే. ఒక్క ఏడాది తేడా. 2005 సెప్టెంబరు 9 నుంచి కేంద్ర చట్టం పెళ్ళితో పనిలేకుండా కూతుళ్ళందరికీ హక్కు ఇచ్చేసరికి మామయ్యల మధ్య పంపకాలు ఎప్పుడో రిజిస్టరైపోయాయి. పండగకు చీర వస్తుంది. ఇవన్నీ అమ్మ ఆ రోజు చెప్పలేదు. చాట మళ్ళీ కదిలింది, అంతే.

ఇంతకీ 70 దగ్గర ఎందుకాగింది? కదపడానికి వీల్లేని ఫైళ్ళు కొన్ని డిస్క్ మధ్యలో కూర్చుని ఉంటాయి. వాటికి అవతల ఎంత చోటున్నా లెక్కలోకి రాదు. పేజింగ్ ఫైలునూ సిస్టమ్ రిస్టోర్‌నూ తాత్కాలికంగా ఆపి, తిరిగి స్టార్ట్ చేసి అడిగితే 140 ఇచ్చింది.

పెన్‌డ్రైవ్ పెట్టి, ఎఫ్12 నొక్కి, ఇన్‌స్టాలర్ తెరిచాను. ఒక చోట రెండు దారులు చూపిస్తుంది: విండోస్ పక్కన పెట్టాలా, డిస్క్ మొత్తం చెరిపి పెట్టాలా. ఒకదాని కింద ఒకటి, రెండు చిన్న గుండ్రాలు. వేలు పట్టు తప్పితే పదకొండు మంది. నా ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది, ప్లగ్గులో ఉంటేనే నడుస్తుంది. నల్లమల మీద గాలివాన వస్తే కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. ఆకాశం చూసి, గుండ్రం మూడుసార్లు చూసి, నొక్కాను. అరగంటలో అయిపోయింది.

ఆ తర్వాత పది నిమిషాలు నా జీవితంలో మంచివి కావు. లినక్స్‌లోంచి విండోస్ భాగాన్ని తెరవబోతే తెరుచుకోలేదు. ఏదో లోపమని ఇంగ్లిషులో రెండు వాక్యాలు. కాపీ చేసిన డిస్క్ పక్కనే ఉందన్న సంగతి కూడా గుర్తు రాలేదు. తమ్ముడికి ఫోన్ చేయబోయి ఆగాను. ఆ వాక్యాలనే మళ్ళీ మెల్లగా చదివాను. విండోస్ ఆరిపోలేదు, నిద్రలో ఉందట! త్వరగా లేవడానికి సగం మెలకువగా పడుకునే అలవాటు ఒకటుంది దానికి, ఫాస్ట్ స్టార్టప్ అంటారు. ముందే దాన్ని తీసేయాల్సింది, నేను ఆ మెట్టు దాటేశాను. వెనక్కెళ్ళి తీసేసి వస్తే ఫైళ్ళన్నీ ఉన్నాయి.

గడియారం తిప్పలొకటి. లినక్స్ యంత్రం లోపలి గడియారాన్ని అంతర్జాతీయ కాలమానంలో ఉంచుతుంది. విండోస్ అదే మన సమయమనుకుంటుంది. ఇటునుంచి అటు వెళ్ళినప్పుడల్లా ఐదున్నర గంటలు వెనక్కి. సరిచేయడానికి ఒక్క ఆదేశం చాలు.

కొత్తదాన్ని తెలుగులో పెట్టుకున్నాను. మెనూలో 'దస్త్రం' అన్న మాట కనబడింది. ఈ అనువాదం పండితులదేనని నవ్వబోతుంటే అమ్మ చూసి, "దస్త్రమా, పట్వారి దగ్గరుండె గద" అంది. నాకంటే ఆమెకే ఆ యంత్రం భాష దగ్గరగా ఉంది.

ఇప్పుడు నడుస్తున్నది అసలు పని. విండోస్‌లో పేజీ తెరిచి పాఠాన్ని బయటికి తీయడం, లినక్స్‌లో యూనికోడ్‌లోకి మార్చడం, అక్షరం అక్షరం సరిచూడడం. పాత ఫాంట్లు అక్షరాన్ని తలకట్టు వేరు, గుణింతం వేరు, ఒత్తు వేరుగా ముక్కలు చేసి దాచాయి. కన్వర్టర్ అతికించేటప్పుడు ఒకరి ఒత్తు ఇంకొకరి కిందికి పోతుంది. సరిచూస్తుంటే ఇంకొకటి తెలిసింది. వాళ్ళు 'ౘుక్క' అన్నచోటా 'ౙొన్న' అన్నచోటా నేను చుక్క, జొన్న అనే రాసుకున్నాను. నా చేతిరాత కాగితాల మీదే అలా ఉంది. ఆ తప్పు డీటీపీ అమ్మాయిది కాదు. దంత్య ఉచ్చారణకు ఆ రెండు అక్షరాలు 2008లోనే యూనికోడ్‌లోకి వచ్చాయి. నేను ఫీల్డుకు వెళ్ళేనాటికి అయిదేళ్ళయింది. మిగిలిన రికార్డింగులు విని ఉన్నచోటల్లా మారుస్తున్నాను. రికార్డింగు పోయినచోట మార్చడం లేదు.

స్టార్ట్ చేయగానే పేర్ల పట్టీ వచ్చి పది సెకన్లు ఆగుతుంది. ఏదీ నొక్కకపోతే లినక్స్ తెరుచుకుంటుంది. విండోస్ కింద ఉంది. "పాతోని వాటా ఎప్పుడు దీస్తవ్?" అని అమ్మ ఫోన్లో అడుగుతుంది. నిన్నటికి 163 పేజీలయ్యాయి. తేనె తాడు పేజీకి ఇంకా రాలేదు.