షెలాలో మా మొదటి వారం: భాష రాకపోవడం వేరు, తెలివి లేకపోవడం వేరు

పోస్టు పెద్దదే. హాస్టల్లో భోజనాలయ్యాక నిదానంగా చదవండి.

గ్వాటెమాలా పోయొచ్చినప్పటి నుంచి అందరూ అడిగేది ఒక్కటే, "ఒక్కదానివే ఎట్ల పోయినవ్?" అని. పాస్‌పోర్టు మీద ఉన్నది ఒక్క పేరే. కానీ బ్యాగు మా హాస్టల్ అక్కది, స్వెటర్ రూమ్‌మేట్‌ది, చేతి ఖర్చుకు డబ్బులు బాపు పత్తి అమ్మినవి. అందుకే "నేను పోయిన" అని రాయడానికి చెయ్యి రావట్లేదు. మేము పోయినం అనే రాస్తున్నాం.

టికెట్, ఫీజు ఒక ట్రస్టు వాళ్లు పెట్టుకున్నారు. ఆదివాసీ విద్యార్థులు ఇంకో దేశంలోని ఆదివాసీల భాషల గురించి తెలుసుకుని రావాలని వాళ్ల ప్రోగ్రాం. అక్కడి వాళ్లతో మాట్లాడాలంటే ముందు స్పానిష్ రావాలి. మాకు ఒక్క ముక్క రాదు. ఎండాకాలం సెలవుల్లో నాలుగు వారాలు కెట్సాల్తెనాంగో అనే ఊర్లో నేర్చుకోవాలి. ఆ ఊరిని అక్కడ అందరూ షెలా అనే పిలుస్తారు. అది పాత మాయా పేరు నుంచి వచ్చింది. స్పానిష్ బడులకు పేరున్న ఊరు. ఒక టీచరుకు ఒకే విద్యార్థి. రోజుకు ఐదు గంటలు. ఉండేది, తినేది ఒక ఇంట్లో.

ఆదివారం రాజధానిలో దిగి, బస్సులో కొండలెక్కుతూ దాదాపు 200 కిలోమీటర్లు పోయినం. దారిలో రంగురంగుల బస్సులు కనిపించాయి. అవి అమెరికాలో బడి పిల్లలను మోసి మోసి పాతబడ్డాక ఇక్కడికి వచ్చినవి. షెలా సముద్రమట్టానికి 2,300 మీటర్లకు పైన ఉంటుంది. మే నెలలో కూడా రాత్రి మన ఆదిలాబాద్ డిసెంబరు చలి. అక్కడ పొద్దున పది అయితే మన దగ్గర రాత్రి తొమ్మిదిన్నర. ఇంటికి ఫోన్ చేస్తే అవ్వ మొదట అడిగింది, "తిన్నవా, అక్కడ మనోళ్లున్నరా?" అని. ఏం చెప్పాలో ఆ రోజు తెలియలేదు.

సోమవారం క్లాసు మొదలైంది. చిన్న బల్ల, రెండు కుర్చీలు, ఒక తెల్ల బోర్డు. టీచరమ్మకు యాభై ఏళ్లుంటాయి. అక్కడ టీచరమ్మలను "సెన్యో" అంటారు. ఆమెకు ఇంగ్లీషు రాదు, మాకు స్పానిష్ రాదు. పక్క బల్లల దగ్గర యూరప్, అమెరికా నుంచి వచ్చిన పిల్లలు ముఖాలు ఎర్రగా చేసుకుని కూర్చున్నారు. భాష అర్థం కాని గదిలో కూర్చోవడం వాళ్లలో చాలామందికి అదే మొదటిసారి కావచ్చు.

మాకు అది మూడోసారి. ఆరేళ్లప్పుడు ఆశ్రమ పాఠశాలలో ఒకటో తరగతి. ఇంట్లో గోండీ, బడిలో తెలుగు. సార్ ఏం చెప్తున్నడో ఏడాది దాకా అర్థం కాలేదు. రెండోసారి ఇంటర్‌లో, ఒక్కసారిగా అన్నీ ఇంగ్లీషులో. ఇది మూడోది. ఈ గ్రూపులో ఉన్న సగం మందికి ఈ లెక్క చెప్పక్కర్లేదు. కోలామీ అయినా, కోయ అయినా, బంజారా అయినా కథ ఒకటే.

ఆ సోమవారం సెన్యో నేర్పిన మొదటి పాఠం "నా పేరు ఫలానా" కాదు. బోర్డు మీద నాలుగు వాక్యాలు రాసింది. "నో ఎంతియెందో" అంటే నాకు అర్థం కాలేదు. "మాస్ దెస్పాసియో, పోర్ ఫవోర్" అంటే కొంచెం నిదానంగా చెప్పండి. "కోమో సె దీసె" అంటే దీన్ని ఏమంటారు. నాలుగోది "ప్వేదో ఇర్ అల్ బాన్యో", బాత్రూమ్‌కు పోవచ్చా. ఈ నాలుగు వస్తే చాలు, ఈ వారం బతకొచ్చని సైగలతో చెప్పింది.

నాలుగో వాక్యం నోట్‌బుక్‌లో రాస్తుంటే చెయ్యి ఆగిపోయింది. ఒకటో తరగతిలో మాకు ఈ వాక్యం తెలుగులో ఎవరూ నేర్పలేదు. అడగడం రాక గంటల తరబడి బిగపట్టుకుని కూర్చున్న పిల్లలం మేము. బట్టలు తడుపుకుని, అందరూ నవ్వితే, మరుసటి రోజు నుంచి బడికి రానివాళ్లు మా గూడెంలోనే ఉన్నారు. ఒకటో తరగతిలో మాతో చేరింది పదకొండు మంది. పదో తరగతి పరీక్ష రాసింది ముగ్గురం. మిగతా ఎనిమిది మంది "మొద్దులు" అని ఊర్లో పేరు. వాళ్లలో ఒకడు అడవిలో వంద చెట్ల పేర్లు చెప్తాడు. వాడు మొద్దు ఎట్లయితడు? వాడికి రానిది భాష ఒక్కటే.

షెలాలో ఏమీ రాని మమ్మల్ని ఎవరూ మొద్దు అనలేదు. రాదు కాబట్టే కదా వచ్చింది అన్నట్టు చూశారు. చెప్పిందే పదిసార్లు చెప్పారు, బొమ్మ గీసి చెప్పారు. ఇరవై ఏళ్లొచ్చాక అర్థమైంది, ఒకటో తరగతిలో మాకు కావాల్సింది కూడా ఇంతే అని.

మంగళవారం ఒక మంచి సంగతి తెలిసింది. స్పానిష్ మనకు అంత దూరం కాదు. అక్కడి "త", "ద" మన త, ద లాగానే పలుకుతాయి. "పేరో" అంటే కానీ, "పేర్రో" అంటే కుక్క. ఒత్తి పలికే ఆ "ర్ర" కోసం ఇంగ్లీషు పిల్లలు తంటాలు పడుతుంటే, బర్రె, గొర్రె, కర్ర అనే నోళ్లం మనం. "న్య" కోసం వాళ్లకు వేరే అక్షరమే ఉంది. నాకు కాఫీ ఇష్టం అనడానికి "మె గుస్తా ఎల్ కఫే" అంటారు. "నాకు" అనే మొదలవుతుంది, మన లెక్కనే. "వెళ్తున్నాను" అంటే ఎవరో మళ్లీ చెప్పక్కర్లేదు కదా, అక్కడ కూడా "వోయ్" అంటే చాలు. పెద్దవాళ్లను "ఉస్తెద్" అనాలి, మన "మీరు". ఒక్కటి మాత్రం వాళ్ల దగ్గర లేదు. మనకు "మేము" వేరు, "మనం" వేరు. గోండీలోనూ అంతే. స్పానిష్‌లో రెండింటికీ "నోసోత్రోస్" ఒక్కటే. ఎదుటివాళ్లను కలుపుకుంటున్నామా, బయట పెడుతున్నామా అనేది మాటను బట్టి తెలియదు. ఇది చెప్తే సెన్యో తన పుస్తకంలో రాసుకుంది. ఆ భాషలో టీచరుకు ఒక ముక్క చెప్పగలిగినందుకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

బుధవారం ఎవరు ఎక్కడివాళ్లో చెప్పే పాఠం. మేము తెచ్చుకున్న డిక్షనరీలో భారతీయుడికి "ఇందియో" అని ఉంది. సెన్యో ఆ మాట మీద వేలు పెట్టి, తల అడ్డంగా ఊపింది. తర్వాత చాలాసేపు, నిదానంగా, బొమ్మలతో చెప్పింది. కొలంబస్ మన దేశానికే వచ్చాననుకుని అక్కడి మనుషులకు పెట్టిన పేరు అది. ఐదు వందల ఏళ్లయినా పోలేదు. ఇప్పటికీ అక్కడ ఆదివాసీని తక్కువ చేసి తిట్టాలంటే వాడే మాట అదే. "సోయ్ దె లా ఇందియా, నేను ఇండియా నుంచి, అని చెప్పు చాలు" అంది. ఆదివాసీకి మర్యాదైన మాట "ఇందీహెనా".

మేము రెండూ కలిపి చెప్పినం. "సోయ్ ఇందీహెనా దె లా ఇందియా." ఇండియాలోని ఆదివాసీని. సెన్యో ఒక నిమిషం ఏమీ అనలేదు. తర్వాత తన అవ్వ కిచే భాష మాట్లాడేదని, తనకు మాత్రం నేర్పలేదని చెప్పింది. బడిలో పిల్లను ఎవరూ ఎగతాళి చేయొద్దని నేర్పలేదట. తనకు ఇప్పుడు అర్థమవుతుంది గానీ నోరు తిరగదట. పది లక్షల మందికి పైగా మాట్లాడే భాష అది. ఒక తల్లి భయంతో ఒక ఇంట్లో ఆగిపోయింది.

మేమున్న ఇంట్లో ఒక ముసలమ్మ ఉంది. చేతితో నేసిన రవిక, దాన్ని "విపీల్" అంటారు. ఊరిని బట్టి దాని మీద అల్లిక మారుతుంది. గురువారం సాయంత్రం వాన కురుస్తుంటే పొయ్యి దగ్గర కూర్చున్నం. మక్కలను సున్నం నీళ్లలో ఉడికించి, కడిగి, పిండి చేసి, చేతుల మధ్య తట్టి రొట్టెలు కాలుస్తారు. ఆ చప్పుడు అచ్చం మా అవ్వ జొన్న రొట్టె కొట్టే చప్పుడే. మనం తినే మక్కజొన్న, టమాట, మిరపకాయ అన్నీ ఆ ఖండాల నుంచే మన దగ్గరకు వచ్చాయి. ముసలమ్మకు స్పానిష్ తక్కువ, మాకూ తక్కువే. అందుకే బాగా కుదిరింది. గ్లాసు చూపించి "ఆగ్వా" అన్నం. ఆమె "హా" అంది, కిచేలో నీళ్లు. మేము "యేర్" అన్నం. ఆమె రెండుసార్లు పలికి నవ్వింది. మా గూడెం మాట అంత దూరంలో ఒక పొయ్యి దగ్గర పలికింది.

వయసు అడిగితే ఇరవై వేళ్లు చూపించడం ఎట్ల? రెండు చేతులు చూపించి, కాళ్ల వైపు చూపించినం. ఆమె "హువినాక్" అంది. కిచేలో లెక్క ఇరవైల మీద నడుస్తుంది. ఇరవైకి వాళ్ల మాటకు అర్థం "ఒక మనిషి". చేతుల వేళ్లు, కాళ్ల వేళ్లు కలిపితే ఒక పూర్తి మనిషి. మన సర్టిఫికెట్లలో ఇంత మంచిగా వయసు ఎవరూ రాయలేదు.

శుక్రవారం తల పగిలిపోయేంత అలసట. "ఎస్తోయ్ కన్సాదా", అలసిపోయిన. అది కూడా ఆ వారం నేర్చుకున్నదే. చివరి గంటలో సెన్యో వాళ్ల భాషల చట్టం గురించి చెప్పింది. గ్వాటెమాలాలో 22 మాయా భాషలున్నాయి, వాటితోపాటు గరీఫునా, షింకా. 2003లో వాటన్నిటినీ జాతీయ భాషలుగా గుర్తిస్తూ చట్టం వచ్చింది. చట్టం వచ్చినంత మాత్రాన ఆఫీసుల్లో అంతా మారిపోలేదని కూడా ఆమే చెప్పింది.

2003 అనగానే మాకు ఇంకోటి గుర్తొచ్చింది. మన రాజ్యాంగ ఎనిమిదో షెడ్యూల్‌లో సంతాలీ, బోడో చేరిన సవరణ కూడా 2003దే. గోండీ చేరలేదు. 2011 జనాభా లెక్కల్లో దాదాపు 30 లక్షల మంది మాట్లాడే భాష మనది. 1943లోనే మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ దొర గోండు టీచర్లకు శిక్షణ పెట్టించి, గోండీలోనే వాచకాలు చేయించాడు. అంటే గోండు పిల్లకు గోండీలో మొదటి పాఠం చెప్పడం కొత్త ఆలోచన కాదు. మన జిల్లాలోనే జరిగి, ఆగిపోయిన పని.

రెండో ఆదివారం చిచికాస్తెనాంగో సంతకు పోయినం. గురువారం, ఆదివారం జరుగుతుంది. మన ఇంద్రవెల్లి అంగడి కన్నా చాలా పెద్దది. ఆ ఊర్లోనే 18వ శతాబ్దం మొదట్లో హిమేనెస్ అనే పాద్రీ, కిచే వాళ్ల పుట్టుక కథ పొపోల్ వూహ్‌ను వాళ్ల భాషలో నకలు రాసుకుని, పక్కనే స్పానిష్‌లో పెట్టాడు. ఆ ప్రతి ఇప్పుడు షికాగోలోని ఒక లైబ్రరీలో ఉంది. మన గుంజాల రాతప్రతులు మన దగ్గరే ఉన్నాయి. గుంజాల గోండీ లిపి 2018లో యూనికోడ్‌లోకి కూడా వచ్చింది. చదివేవాళ్లమే తక్కువ.

బస్సులో వస్తూ సెన్యో యుద్ధం గురించి కొంచెం చెప్పింది. 1960 నుంచి 1996 దాకా. రెండు లక్షల మందికి పైగా చనిపోయారు లేదా మాయమయ్యారని అక్కడి సత్యశోధన కమిషన్ 1999లో తేల్చింది. గుర్తించగలిగిన బాధితుల్లో 83 శాతం మాయాలు. ముసలమ్మ ఎందుకు ఆ సంగతి ఎత్తదో అప్పుడు తెలిసింది. మేము 1981 ఏప్రిల్ 20 గురించి మాకొచ్చిన నాలుగు ముక్కల స్పానిష్‌లో చెప్పినం. సంత రోజు, పోలీసులు, కాల్పులు, స్తూపం. వ్యాకరణం లేదు. ఆమెకు అర్థమైంది. ఆ రాత్రి అవ్వకు ఫోన్ చేసి చెప్పినం, "ఉన్నరే అవ్వా, మనోళ్లున్నరు" అని.

ఇక పనికొచ్చే మాట. స్పానిష్ 20 దేశాల్లో అధికార భాష. దానికోసం గ్వాటెమాలా పోవాల్సిన పని లేదు. హైదరాబాద్ తార్నాకలోని ఇఫ్లూలో నేర్పుతారు. కేంద్ర విశ్వవిద్యాలయం కాబట్టి ఎస్టీలకు 7.5 శాతం రిజర్వేషన్ ఉంది. ఇంటర్ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ప్రవేశ నోటిఫికేషన్ చూస్తూ ఉండండి. రెండు, మూడు భాషల మధ్య పెరిగినవాళ్లం మనం. నాలుగోది నేర్చుకోవడంలో మనం వెనక కాదు, ముందున్నాం.

ఇంకొకటి అడుగుతాం. సెలవులకు ఊరికి పోయినప్పుడు ఒకటో తరగతి పిల్లల దగ్గర ఒక గంట కూర్చోండి. వాళ్ల భాషలోనే మాట్లాడి, తెలుగులో నాలుగు వాక్యాలు నేర్పండి. అర్థం కాలేదు సార్. నిదానంగా చెప్పండి సార్. దీన్ని ఏమంటారు సార్. బయటికి పోయొస్తా సార్. మేము మా గూడెంలో మొదలుపెట్టినం. ఏడుగురు పిల్లలు వస్తున్నారు. నాలుగో వాక్యం అందరూ ఒక్క రోజులోనే నేర్చుకున్నారు.

జై సేవా.