ముడుచుకుపోయిన సీసా



సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్ళాను. మా ఊరు పాడేరు అవతల కొండ మీద ఉంది. ఆ రోజు పొద్దున్న చలి ఎక్కువగా ఉంది. నాన్న కాఫీ పళ్ళు కొయ్యడానికి బయలుదేరాడు. మా ఆనపకాయ బుర్ర పగిలిపోయిందని అమ్మ అప్పుడే దించిన చోడి అంబలిని నేను తెచ్చిన ఖాళీ నీళ్ళ సీసాలో పోసింది. సగం పోసేసరికి సీసా మెత్తబడి, నడుం వంగి ముడుచుకుపోయింది. వేడి అంబలి అమ్మ చెయ్యి మీద పడింది. బొబ్బలు లేచాయి.

నేను చన్నీళ్ళు పోస్తుంటే అమ్మ మా భాషలో అడిగింది, "బుర్ర ఎప్పుడూ ఇలా అవ్వలేదు. నువ్వు తొమ్మిది చదువుతున్నావు కదా, ఇది ఎందుకు ముడుచుకుంది?" అని. తిట్టలేదు, నిజంగానే అడిగింది. మా ఇంట్లో బడికి వచ్చినది నేనొక్కదాన్నే. నాకు చెప్పడం రాలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

బడి తెరవగానే సైన్సు సారును అడిగాను. సారు నవ్వలేదు. ఒక సీసా తెచ్చి అడుగు చూడమన్నారు. మధ్యలో చిన్న బొడిపె ఉంది. పక్కనే త్రికోణంలో 1 అంకె ఉంది. ఆ అంకె ఉంటే అది పెట్ అనే ప్లాస్టిక్.

పెట్ గింజలను ముందు బాగా ఎండబెడతారట. తడి ఉంటే కరిగేటప్పుడు లోపలి గొలుసులు తెగి సీసా బలహీనం అవుతుంది. సుమారు 250 డిగ్రీల వేడికి అవి కరుగుతాయి. కరిగినదాన్ని అచ్చులోకి నెట్టి పరీక్షనాళిక లాంటి చిన్న గొట్టం చేస్తారు. దాన్ని ప్రీఫారం అంటారు. మరలు ఉన్న మూతి అప్పుడే తయారవుతుంది. మనం చూసిన బొడిపె ప్లాస్టిక్ లోపలికి వెళ్ళిన చోటు. తరువాత ఆ గొట్టాన్ని సుమారు 100 డిగ్రీలకు వేడి చేసి, లోపల కడ్డీతో సాగదీసి, గాలి ఊది చల్లని అచ్చుకు అంటిస్తారు. సాగినప్పుడు లోపలి గొలుసులు నార పేనినట్టు వరుసలో పడతాయి. అందుకే సీసా పలచగా ఉన్నా గట్టిగా ఉంటుంది. 1973లో అమెరికాలో నథానియల్ వైత్ అనే ఇంజినీరు ఈ సీసాకు పేటెంటు పొందాడు.

ఫినాయిల్ డబ్బా మీద 2 అంకె ఉంటుంది. అది వేరే ప్లాస్టిక్. కరిగినా ముద్దలాగ ఉంటుంది కాబట్టి గొట్టంలా వేలాడదీసి, రెండు అచ్చుల మధ్య బిగించి గాలి ఊదుతారు. మామూలు పెట్ కరిగితే అంబలిలాగ జారిపోతుంది, అలా వేలాడదు. అందుకే దానికి ముందు ప్రీఫారం కావాలి.

ఇప్పుడు అమ్మ ప్రశ్నకు జవాబు. పెట్ సుమారు 75 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. సాగదీసిన గొలుసులు మళ్ళీ వెనక్కి ముడుచుకుంటాయి. సారు ఒక సీసాలో మరిగిన నీళ్ళు పోసి చూపించారు. సీసా రెండు వేళ్ళు పొట్టి అయ్యింది. మూతి మాత్రం పెద్దగా మారలేదు, ఎందుకంటే దాన్ని సాగదీయలేదు.

మొన్న ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మకు చెప్పాను. ప్లాస్టిక్ కు మా భాషలో మాట లేదు. అంబలి, ముద్ద, నార అని చెప్తే అర్థం అయ్యింది. "అయితే అది చిన్నప్పటి రూపం మర్చిపోలేదన్నమాట" అన్నది. అమ్మ చేతి మీద మచ్చ ఇంకా ఉంది.

మన హాస్టల్లో జ్వరం వచ్చిన చెల్లెళ్ళకు కాచిన నీళ్ళు ఈ సీసాల్లోనే పోస్తున్నాము. దయచేసి పొయ్యవద్దు. స్టీలు గ్లాసులో పోసి చల్లార్చి ఇవ్వండి. వార్డెన్ మేడమ్ గారు సిక్ రూముకు ఒక స్టీలు చెంబు ఇప్పించవలెనని కోరుచున్నాను.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని