మురుగమల్ల దారిలో జెన్ కారు

మా అక్కయ్యకు మురుగమల్ల మొక్కు ఒకటి చాలా ఏళ్లుగా మిగిలిపోయి ఉంది. బావ ఆసుపత్రిలో ఉన్నప్పుడు పక్క మంచం వాళ్లెవరో చెబితే మొక్కుకుంది. బావ దక్కలేదు. "ఆయన లేకపోతే మాట లేకుండా పోతుందా?" అని ఆవిడ మొన్న ఒక ఆదివారం నన్నూ, తన కొడుకునూ వెంటబెట్టుకుని బయలుదేరింది. వెళ్లింది బావ 1998లో కొన్న మారుతి జెన్‌లో. ఆ కారుకు అప్పుడు లోను కాగితాలు నేనే దగ్గరుండి రాయించాను. ఈ నాలుగు మాటలూ ఊరి గురించా, కారు గురించా అంటే రాస్తూ పోతే గాని నాకే తేలేలా లేదు.

బెంగుళూరు నుంచి హొసకోట, హెచ్.క్రాస్ మీదుగా చింతామణి వెళ్లే దారి మనవాళ్లలో చాలామందికి తెలిసిందే. హొసకోట దాటితే నీలగిరి తోపులు, మల్బరీ తోటలు, టమోటా చేలు, అక్కడక్కడ ఎవరో బోర్లించినట్టున్న రాతి గుట్టలు. మధ్యలో పక్కకు తిరిగితే కైవారం. కైవారం తాతయ్యగా పేరుపొందిన యోగి నారేయణుల ఊరది. కన్నడ దేశంలో ఉండి తెలుగులో కీర్తనలు, కాలజ్ఞానం చెప్పిన మహానుభావుడాయన. 2007లో కోలారు జిల్లా నుంచి విడదీసి చిక్కబళ్లాపురం జిల్లా చేశారు గాని, ఈ పల్లెల్లో బోర్డు కన్నడంలో, బేరం తెలుగులో సాగడం మాత్రం నా చిన్నప్పుడు ఎలా ఉండేదో ఇప్పుడూ అలాగే ఉంది. టీ కొట్టు దగ్గర "ఏమప్పా, యాడికి పోతా ఉండారు?" అని పలకరిస్తే సొంత ఊరికి వచ్చినట్టే అనిపించింది.

మా మేనల్లుడికి ఇవేవీ పట్టలేదు. వాడి ధ్యాసంతా కారు మీదే. చిన్న ఎత్తు వచ్చినా మూడో గేరు నుంచి రెండుకు దిగవలసి వస్తున్నది. "చూశావా మామయ్యా, ఊపిరి లేదు దీనికి. ఈ సంవత్సరం ఏదో ఒకటి చేసెయ్యాలి" అన్నాడు. వాడి దగ్గర రెండు పథకాలున్నాయి. ఒకటి, ఉన్న ఇంజను దించేసి ఎస్టీమ్ ఇంజను ఎక్కించడం. రెండోది, ఉన్న ఇంజనుకే టర్బో తగిలించడం. దీనికోసం లక్షా ఇరవై వేలు విడిగా దాచాడట. ఈ మాట వినగానే వెనక సీట్లో అక్కయ్య కొంగు సర్దుకుని కిటికీలోంచి బయటికి చూడసాగింది. ఆవిడకు ఇంజను సంగతులు తెలియవు. "దించేసి" అన్న ఒక్క మాట మాత్రం అర్థమయింది.

నేను బి.కాం. వాడిని. నాకు తెలిసిన భాషలో చెప్పుకుంటే, ఇంజను మార్చడమంటే పాత యంత్రాన్ని పుస్తకాల్లోంచి తీసేసి పెద్దది కొనడం. టర్బో అంటే అదే మూలధనం మీద ఓవర్‌డ్రాఫ్టు తీసుకుని వ్యాపారం పెంచడం. జెన్ ఇంజను 993 సీసీ, యాభై హార్స్‌పవర్. ఎస్టీమ్ ఇంజను 1298 సీసీ. కార్బురేటర్ పోయి ఎం.పి.ఎఫ్.ఐ. వచ్చిన తరువాత దాని శక్తి 85కు చేరింది. రెండూ సుజుకీ వారి ఒకే కుటుంబంలోని ఇంజన్లు కనుక పెద్దది చిన్నదాని చోట్లో అమరుతుంది. ర్యాలీల పిచ్చి ఉన్న కుర్రాళ్లు ఈ పని ఎప్పటి నుంచో చేస్తున్నారు. అయితే ఇంజనొక్కటి వస్తే చాలదు. దాని కంప్యూటరు, వైరింగు, ట్యాంకులో పెట్రోలు పంపు, సైలెన్సరు గొట్టాలు, అన్నీ వెంట రావాలి. పెళ్లికూతురుతో పాటు సారె బండ్లు వచ్చినట్టన్నమాట. పైగా యాభై గుర్రాల కోసం చేసిన బ్రేకులు 85 గుర్రాలను ఆపాలి.

టర్బో సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. 1905లో ఆల్ఫ్రెడ్ బ్యూషి అనే స్విట్జర్లాండ్ ఇంజనీరు పేటెంటు తీసుకున్న ఉపాయం అది. వృథాగా పోయే పొగ వేగంతో ఒక చిన్న చక్రాన్ని తిప్పి, దానితో బయటి గాలిని ఒత్తి సిలిండర్లలోకి పంపుతారు. ఎక్కువ గాలి, దానికి తగ్గ పెట్రోలు, ఎక్కువ శక్తి. సముద్రమట్టానికి ఎనిమిది వందల మీటర్ల పైన ఉన్న ఈ పీఠభూమిలో మామూలు ఇంజనుకు గాలి కాస్త తక్కువే అందుతుంది కాబట్టి వాడి వాదన వినడానికి బాగానే ఉంది. కాని ఒత్తిన గాలి వేడెక్కుతుంది. ఆ వేడికి పెట్రోలు సమయానికి ముందే తనంత తాను అంటుకుంటే లోపల సుత్తితో కొట్టినట్టు చప్పుడు వస్తుంది, చివరికి పిస్టను పగులుతుంది. పాత కార్బురేటరు ఆ ఒత్తిడికి సరిపోయేలా పెట్రోలు అందించలేదు. అంటే అక్కడా కంప్యూటరు తప్పదు.

మన దేశంలో ఫ్యాక్టరీ వాళ్లే ఈ పని చేసిన సందర్భం ఒకటుంది. హిందుస్థాన్ మోటార్స్ వారి కాంటెస్సా మొదట 1984లో అంబాసిడరు ఇంజనుతోనే వచ్చింది. ఏనుగుకు మేక గుండె. తరువాత ఇసుజు 1.8 లీటర్ల ఇంజను పెట్టాకే దానికి పరువు దక్కింది. కాని వాళ్లు పరీక్షలు చేసి, అనుమతి తెచ్చుకుని మార్చారు. మనం మార్చుకుంటే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను అడ్డం వస్తుంది. కంపెనీ నిర్దేశించిన రూపానికి విరుద్ధంగా బండిని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఆర్.సి.లో ఉన్న ఇంజను నంబరు, బండిలో ఉన్న నంబరు కలవకపోతే రిజిస్ట్రేషను పొడిగింపు దగ్గర చిక్కు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు వాళ్లకు అదే మొదటి సాకు. ఇదంతా చెబితే మావాడు, "నువ్వు బ్యాంకు మాటలే మాట్లాడతావు" అన్నాడు. నిజమే, ముప్పై ఏళ్లుగా వాటికే నాకు జీతమిచ్చారు.

మురుగమల్ల చేరేసరికి ఇంజను వేడి ముల్లు ఎర్ర గీతకు దగ్గరయింది. కారును నీడలో ఆపి దర్గాకు నడిచాం. అమ్మాజాన్, బావాజాన్ దర్గా పేరు విననివారు ఈ చుట్టుపక్కల ఉండరు. హిందువులూ, ముస్లిములూ కలిసే వస్తారు. మనసు చెదిరినవాళ్లను ఎక్కువగా తీసుకువస్తారు. ఒక తల్లి పాతికేళ్ల కొడుకు చెయ్యి వదలకుండా గోడకు ఆనుకుని కూర్చుంది. డాక్టరు మందులు మానకుండా ఇక్కడికి కూడా వస్తే తప్పేముంది అని నా అభిప్రాయం. అక్కయ్య పూల చాదరు సమర్పించింది, ఏమీ అడగలేదట. ఊళ్లోనే ఉన్న ముక్తీశ్వరస్వామి గుడిలోనూ దండం పెట్టుకుని తిరిగి వచ్చాం.

కారు మళ్లీ మొరాయిస్తే టీ కొట్టు అబ్బాయి ఒక మేస్త్రీని చూపించాడు. ట్రాక్టర్లు, జీపులు బాగుచేసే పెద్దాయన. మావాడు తన రెండు పథకాలూ ఆయన ముందు పెట్టాడు. ఆయన బీడీ ఆర్పి, "అబ్బయ్యా, బోరులో నీళ్లుండాయో లేదో చూడకుండా పది హెచ్.పి. మోటారు దింపితే ఏమొస్తాది? గాలొస్తాది. ముందు దీంట్లో ప్రాణం ఎంతుండాదో చూస్తాము" అన్నాడు. ప్లగ్గులు ఊడదీసి గేజి పెట్టాడు. మూడు సిలిండర్లు 160కి అటూ ఇటూ చూపించాయి. రెండోది 110 దగ్గరే ఆగిపోయింది. దాంట్లో చెంచాడు ఆయిలు పోసి మళ్లీ చూస్తే ముల్లు పైకి లేచింది. "రింగులు పోయినాయి. వాల్వులు పోయుంటే ఆయిలు పోసినా లేసేది కాదు" అన్నాడు. ఈ స్థితిలో టర్బో పెట్టి ఉంటే నెల తిరగకుండా ఇంజను బద్దలయ్యేదట. పెట్రోలు గొట్టం రబ్బరు కూడా చీలి ఉంది. ఇథనాలు కలిపిన పెట్రోలు పాత రబ్బరుకు పడదని మార్చేశాడు.

"అయితే పెద్ద ఇంజనే వెయ్యాలా?" అని మావాడు అడిగాడు. మేస్త్రీ జవాబు చెప్పేలోపు అక్కయ్య మొదటిసారి నోరు తెరిచింది. "మీ నాన్న డైరీ మొదటి పేజీలో రాసుకున్న నంబరు దీనిదే కదరా?" అని మాత్రం అడిగింది. వాడు బానెట్ పట్టుకుని కొంతసేపు అలాగే నిలబడ్డాడు.

బండిని చింతామణిలో మేస్త్రీ చెప్పిన చోట వదిలి ముగ్గురం బస్సులో తిరిగి వచ్చాం. లేత్‌లో బోరింగు చేయించి, కొత్త పిస్టన్లు, రింగులు వేయించి, రేడియేటరు శుభ్రం చేయించడానికి మూడు వారాలు పట్టింది. అంతా కలిపి ముప్పై ఎనిమిది వేలు. పోయిన ఆదివారం వాడే నడిపాడు. కైవారం క్రాసు ముందరి ఎత్తు మూడో గేరులోనే ఎక్కింది. దాచిన డబ్బులో మిగిలింది ఫిక్సెడ్ డిపాజిట్టు వెయ్యమన్నాను. బ్రేకులు, టైర్లు మార్చాలంటున్నాడు. క్లచ్ ప్లేటు బిల్లు మాత్రం ఇంకా నాకు చూపించలేదు.