కొల్లేటి రేవులో రెండు పంట్లు

మన తెలుగు సినిమాకి పడవంటే ఎంత మోజో వేరే చెప్పాలా! 1964లో ‘మూగమనసులు’లో అక్కినేని పడవ నడిపితే ఆంధ్రదేశమంతా ఆ పడవెక్కేసింది. 1973లో బాపు-రమణలు ‘అందాల రాముడు’ని లాంచీ ఎక్కించి భద్రాచలం దారి పట్టించారు. 2006లో శేఖర్ కమ్ముల ‘గోదావరి’ అంటూ మళ్ళీ అదే నీళ్ళమీదికి వెళ్ళాడు. అంతా గోదారే! పక్కనే ఉన్న కొల్లేరమ్మ మాత్రం మేకప్ వేసుకుని పిలుపు కోసం కూర్చున్న రెండో హీరోయిన్‌లా అలాగే ఉండిపోయింది.

నిజానికి ఈ చుట్టుపక్కల ఊళ్ళకి సినిమా గాలి కొత్తేమీ కాదు. ఎల్వీ ప్రసాద్‌గారు 1908లో పుట్టిన సోమవరప్పాడు ఏలూరుకి కూతవేటు దూరం. ఎస్వీ రంగారావుగారు 1918లో పుట్టింది నూజివీడులో. రేలంగిగారు తన పేరున సినిమాహాలు కట్టించుకున్నది మా తాడేపల్లిగూడెంలో. ఇంతమందిని ఇచ్చిన నేలకి ఆనుకుని ఉన్న సరస్సుని ఒకసారి ఇంటిల్లిపాదీ చూసొద్దామని మొన్న శీతాకాలంలో బయల్దేరాం. అమ్మ, అన్నయ్య, వదిన, వాళ్ళ పిల్లలిద్దరు, బాబాయి, పిన్ని, నేను. మొత్తం ఎనిమిది టిక్కెట్లు!

దారి ఇదీ

గూడెం నుంచి కొల్లేటికి రెండు దారులు. ఒకటి భీమవరం, ఉండి, ఆకివీడు మీదుగా కైకలూరు. రెండోది రైల్లో ఏలూరు చేరి, అక్కణ్ణుంచి కైకలూరు రోడ్డు పట్టుకోవడం. మేము రెండోదే పట్టాం. సరస్సుని నిలువునా కోసుకుంటూ పోయే దారి అది. పెదయడ్లగాడి వంతెన దగ్గరికొచ్చేసరికి రెండుపక్కలా నీళ్ళూ, కిక్కిసగడ్డీ, గుర్రపుడెక్కా, వాటిమీద తపస్సు చేసుకుంటున్న కొంగలూ! వానాకాలంలో వరదొస్తే ఈ రోడ్డే నీళ్ళలోకి దిగిపోతుంది. అందుకని వెళ్ళేముందు వాకబు చేసుకోవడం మంచిది.

కృష్ణా గోదావరి డెల్టాల మధ్య ఉన్న పెద్ద పళ్ళెంలాంటిది కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చి పోస్తుంటే, ఉప్పుటేరు పట్టుకెళ్ళి సముద్రంలో కలుపుతుంది. 1999లో 308 చదరపు కిలోమీటర్ల మేర దీన్ని అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రాంసర్ జాబితాలోకి ఎక్కింది. అప్పటికే చేపల చెరువుల గట్లు సరస్సుని గళ్ళచీరలాగా మార్చేశాయి. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో ప్రభుత్వం ఆ గట్లని పేల్చి తెగ్గొట్టించింది. ఈ చరిత్రంతా ఎందుకంటే, పడవ ఎంచుకోవడానికీ దీనికీ సంబంధం ఉంది. కొల్లేరు లోతు తక్కువ, వెడల్పెక్కువ. చాలాచోట్ల మనిషి నిలువు లోతు కూడా ఉండదు. అడుగున బురద, పైన నాచు, తెగిన గట్ల మొండాలు. గోదారి మీద హీరో అనిపించుకున్న పడవ ఇక్కడ కామెడీ వేషం వెయ్యాల్సి రావచ్చు!

రెండు పంట్ల మధ్య ఇంటిల్లిపాది

ఒక లంక గ్రామం రేవులో ఆగాం. ఊరి పేరెందుకు లెండి. రేవులో రెండు పంట్లున్నాయి. పంటు అంటే తెలియని డెల్టావాసి ఉండడు. రెండు పడవల్ని ఎడంగా పెట్టి, పైన బల్లలు పరిచి బిగిస్తే పంటు. నరసాపురం నుంచి సఖినేటిపల్లికి గోదారి దాటించే పంటు కార్లనీ మోటారుసైకిళ్ళనీ కూడా మోస్తుంది.

మొదటిది కొత్త పెళ్ళికొడుకులా ఉంది. అడుగున పొడుగాటి ఇనప పీపాలు, పైన ఇనప రేకు, చుట్టూ కటకటాలు, ప్లాస్టిక్ కుర్చీలు, నెత్తిన రంగురంగుల గుడ్డ పందిరి, వెనకాల ఇంజను. పాటల పెట్టె కూడా ఉందండోయ్! రెండోది చెక్క పంటు. రెండు పాత పడవలు, అడ్డంగా వెదురు దుంగలు, పైన తాటిబల్లలు, మధ్యలో ఒక చాప. నడిపేది అరవై దాటిన పెద్దాయన. ఆయన ఇంజనల్లా చేతిలోని గెడకర్రే.

వదిన ఓటు ఇంజను పంటుకి. “కుర్చీలున్నాయి, నీడుంది, పిల్లలు జారిపోకుండా కటకటాలున్నాయి. ఇంకేం కావాలి?” అంది. మాట కాదనడానికి లేదు. అన్నయ్య ఎలాగూ వదిన పక్షమే. మోకాళ్ళ నొప్పుల మూలంగా అమ్మకి కింద చాపమీద కూర్చోవడం కష్టం. బాబాయి మాత్రం తాటిదోనెల్లో పెరిగిన మనిషి. “అబ్బాయ్, పడవని పెళ్ళిపందిరి చూసినట్టు పైన చూడకూడదు, కింద చూడాలి” అన్నాడు.

సరే, కింద చూశాం. పంటుకి ప్రాణం దాని జంటతనంలో ఉంది. ఒంటి తాటిదోనెలో మనిషి కాస్త పక్కకి ఒరిగితే చాలు, దోనె కూడా ఒరుగుతుంది. అదే రెండింటిని ఎడంగా కడితే, ఒక పక్క పడవ నీళ్ళలోకి బాగా దిగితే తప్ప మొత్తం ఒరగదు. అయితే ఈ ధైర్యానికీ ఓ హద్దుంది. జనమంతా ఒకే పక్కకి చేరితే ఆ పక్క పడవ మునుగుతుంది. పైన పందిరి ఎంత ఎత్తుంటే గాలికి అంత ఊగుతుంది. పీపాలో చిల్లిపడి నీళ్ళు చేరితే పైకి కనబడదు. ఖాళీగా ఉన్నప్పుడే పంటు ఒక మూలకి వంగి ఉంటే అనుమానించాలి.

ఇంజను పంటు వెనక మూల అలాగే వంగి ఉంది. బాబాయి ఆ పక్క పీపాని కర్రతో తట్టాడు. మిగతావి డొల్లుగా మోగితే, అది మాత్రం నిండుకుండలా పలికింది. లైఫ్ జాకెట్లు బోలెడున్నాయి గానీ, అవి అలంకారానికి కట్టిన తోరణంలాగా పందిరి రాటలకి ముళ్ళుపడి ఉన్నాయి. “ఎంతమందిని ఎక్కిస్తారు?” అని అడిగితే, నడిపే కుర్రాడు “ఎంతమందొస్తే అంతమందండి! ఇంకో బస్సొస్తోంది, కలిపి తీసుకెళ్ళిపోతా” అన్నాడు హుషారుగా.

అదే ప్రశ్న పెద్దాయన్ని అడిగాం. “ఆయ్, ఎనమండుగురండి. తొమ్మిదో మనిషెక్కితే ఒకళ్ళు దిగాలండి” అన్నాడు. పడవల అడుగున తడి లేదు. తీసెయ్యడానికి చిప్ప కూడా సిద్ధంగా ఉంది. జాకెట్లు మాత్రం అయిదే. మూడు పెద్దవి, రెండు పిల్లలవి. కటకటాలసలే లేవు.

చూశారా చిక్కు! ఒకదానికి కటకటాలున్నాయి, లెక్క లేదు. ఇంకోదానికి లెక్కుంది, కటకటాలు లేవు. 2017 నవంబరులో ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర కృష్ణలో పడవ బోల్తాపడి ఇరవైమందికి పైగా పోయారు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదారి వరదలో మునిగిన లాంచీలో డెబ్బైమందికి పైగా ఉన్నారు. వాళ్ళూ మనలాగే పిల్లాపాపలతో సరదాగా బయల్దేరినవాళ్ళే. ఆ వార్తలు టీవీలో చూస్తూ అమ్మ అన్నం ముందునుంచి లేచిపోయింది. అందుకే తీర్పు ఆవిడకే వదిలేశాం.

అమ్మ అయిదు నిమిషాలు ఆలోచించి, “అయిదు జాకెట్లయితే అయిదుగురమే వెళదాం. తరవాత మిగతా ముగ్గురూ వెళతారు. ఆయనకి రెండు ట్రిప్పుల డబ్బూ ఇచ్చేద్దాం” అంది. కథ సుఖాంతం! వదిన ఓ మెలిక పెట్టింది. పిల్లలు చాప మధ్యనుంచి కదలకూడదు, అమ్మకి ఒడ్డునున్న పొట్టి పీట వేయించాలి. పెద్దాయన తనే ఆ పీట తెచ్చి తాడుతో బిగించాడు.

గెడ పాట

నేను రెండో ట్రిప్పులో వెళ్ళాను. ఇంజను మోత లేని పడవలో కూర్చుంటే కొల్లేరు మాట్లాడుతుంది. గెడ బురదలో దిగినప్పుడు ఓ చప్పుడు, పైకొచ్చినప్పుడు ఓ చప్పుడు. నీటికోళ్ళు మాకు కాస్త దూరంలోనే ఈదుతున్నాయి. కాసేపటికి ఇంజను పంటు పాటలు పెట్టుకుని పక్కగా వెళ్ళింది. వెనువెంటనే ఆ చుట్టుపక్కల పిట్టలన్నీ లేచిపోయాయి. కొంతదూరం పోయాక రెక్కకి గుర్రపుడెక్క చుట్టుకుని ఇంజను ఆగిపోయింది. కుర్రాడు నీళ్ళలోకి దిగి నడుంలోతులో నిలబడి దాన్ని పీకడం మొదలెట్టాడు. పెద్దాయన నవ్వలేదు. గెడ తిప్పి అటెళ్ళి, నడుముకున్న కత్తి తీసి ఇచ్చాడు. “మా ఊరోడేనండి. కష్టపడి కొన్నాడు” అన్నాడు మాతో.

ఇంజను పంటు పనికిరాదని కాదు సుమండీ. లోతుగా, బారుగా ఉన్న నీళ్ళలో గాలి ఎదురొస్తే గెడవాడు ఏమీ చెయ్యలేడు. అక్కడ ఇంజనే దేవుడు. నాచు నిండిన లోతు తక్కువ నీళ్ళలో మాత్రం గెడే దేవుడు. నీళ్ళని బట్టి పడవ గానీ, పందిరిని బట్టి కాదు!

వెళ్ళేవాళ్ళకి నాలుగు మాటలు

అక్టోబరు నుంచి మార్చి దాకా మంచి కాలం. కైకలూరు పక్కనున్న ఆటపాకలో గూడబాతులు గూళ్ళు కట్టుకుంటాయి. చెట్లు చాలక, అటవీశాఖవాళ్ళు వేసిన ఇనప స్టాండ్లమీద కూడా సంసారాలు పెట్టేశాయి. అక్కడ పిల్లలకి చూపించడానికి పక్షుల మ్యూజియం ఉంది. ఫాల్గుణంలో వెళితే కొల్లేటికోట పెద్దింట్లమ్మవారి జాతర చూడొచ్చు గానీ, జనం రద్దీలో పడవెక్కే తొందర వద్దు.

పొద్దున్నే వెళ్ళండి, గాలి లేవకముందే తిరిగొచ్చెయ్యండి. ఎక్కకముందు జాకెట్లు లెక్కపెట్టండి. చంకలో పెట్టుకుని కాదు, ఒంటికి తొడుక్కుని తాళ్ళు బిగించుకోండి. పిట్ట కనిపించగానే అందరూ ఒకే పక్కకి పరుగెత్తకండి. అన్నిటికన్నా ముందు పడవవాణ్ణి ఒక్క ప్రశ్న అడగండి: “ఎంతమందిని ఎక్కిస్తావు?” అంకె చెప్పినవాడి పడవెక్కండి. “ఎంతమందొస్తే అంతమంది” అన్నవాడికి దణ్ణం పెట్టి, ఒడ్డుమీదే పులిహోర పొట్లాలు విప్పుకోండి. కొల్లేరు ఒడ్డునుంచి చూసినా అందంగానే ఉంటుంది!