గూటి అంచున గుడ్డు

ఒక ప్రయాణంలో సహచరులు కొందరు ఒక చిన్న పక్షి పిల్లలను రెండింటిని పట్టుకోగా, తల్లి పక్షి రెక్కలు కొట్టుకుంటూ వచ్చి తల్లడిల్లింది. దైవప్రవక్త (స) అది చూసి, పిల్లలను తల్లికి తిరిగి ఇచ్చివేయమని ఆదేశించారు. సుననె అబూదావూద్‌లోని ఈ హదీసును మేము బోధిస్తుండగా ఒక విద్యార్థి అడిగాడు: "హజ్రత్, పక్షిని కాపాడటానికే గుడ్డు తీస్తే?"

అతడు ఒక పుస్తకంలో చదివి మాకు వినిపించిన వృత్తాంతం న్యూజిలాండ్‌ది. ఆ దేశపు ప్రధాన భూభాగానికి తూర్పున దాదాపు 800 కిలోమీటర్ల దూరాన చాటమ్ దీవులున్నాయి. అక్కడి అడవులలో తప్ప లోకంలో మరెక్కడా లేని పిట్ట నల్ల రాబిన్. మన పిచ్చుకంత ఉంటుంది, ఒళ్లంతా నలుపే. మనుషుల వెంట వచ్చిన పిల్లులు, ఎలుకలు దానిని వేటాడాయి. అడవుల నరికివేత దాని నీడను తీసివేసింది. 1980 నాటికి మిగిలినవి 5 పక్షులే. వాటిలో సంతానాన్ని ఇవ్వగల జంట ఒక్కటే.

ఆ జంటలోని ఆడపక్షి కాలికి నీలి పట్టీ ఉన్నందున దానిని ఓల్డ్ బ్లూ అని పిలిచారు. ఆ జాతి ఆయుష్షును బట్టి చూస్తే అది ముసలిది. వన్యప్రాణి సంరక్షకుడు డాన్ మెర్టన్, ఆయన బృందం దాని గుడ్లను తీసి టామ్‌టిట్ అనే మరో పిట్ట గూటిలో పెట్టి పొదిగించారు. గుడ్లు పోయిన తల్లి మళ్లీ గూడు కట్టి, మళ్లీ గుడ్లు పెట్టింది. ఇలా పిల్లలు పెరిగాయి. నేడు ఆ పక్షులు 200కు పైగా ఉన్నాయి; అన్నీ ఆ ఒక్క తల్లి సంతతే. అల్లాహ్ తలచుకుంటే ఎంత సన్నని దారమైనా తెగదు.

అయితే మమ్మల్ని ఆలోచింపజేసినది ఆ తరువాతి సంగతి. కొన్ని ఆడపక్షులు గూటి మధ్యలో గాక అంచు మీద గుడ్డు పెట్టసాగాయి. అంచున ఉన్న గుడ్డు పొదగబడదు. ఒక్క గుడ్డునూ పోగొట్టుకోలేని రోజులు గనుక సంరక్షకులు వాటిని లోపలికి జరిపేవారు. దానితో ఆ లోపం గల పక్షుల పిల్లలూ బ్రతికి, తల్లుల అలవాటునే అందుకున్నాయి. 1989 నాటికి సగానికి పైగా ఆడపక్షులు అలాగే పెడుతున్నాయి. అప్పుడు సంరక్షకులు చేయి వెనక్కి తీసుకున్నారు. క్రమేణా ఆ లోపం తగ్గుముఖం పట్టింది.

ఇది విన్న రాత్రి మాకు నిద్ర పట్టలేదు. మా వద్ద హిఫ్జ్ పూర్తి చేసిన ఒక యువకుడు గుర్తుకు వచ్చాడు. పాఠం వినిపిస్తూ అతడు ఆగిన ప్రతి చోటా మేము వెంటనే లుక్మా ఇచ్చేవారం. అది వాత్సల్యమనుకున్నాము. రమజానులో అతడు ఒక గ్రామంలో తరావీహ్ చదివించడానికి వెళ్లాడు. అక్కడ వెనుక అందించేవారు లేరు. మేము అందించిన చోటులన్నిటా అతడు ఆగిపోయాడు. మూడవ రాత్రి మరొకరిని నిలబెట్టారు. గ్రామస్థులు అతడిని నిందించారు, తప్పు మాది.

5 పక్షులు మిగిలిన నాడు చేయి అందించకపోవడం క్రౌర్యమే. కాని అందించిన చేతిని తీసివేయవలసిన గడియను గుర్తించడమూ కరుణలో భాగమే. తల్లిదండ్రులకైనా, ఉపాధ్యాయులకైనా కష్టమైనది ఈ రెండవదే.

ఆ యువకుడిని పిలిపించి క్షమాపణ కోరుకున్నాము. ఇప్పుడతడు ప్రతి శుక్రవారం వచ్చి వినిపిస్తున్నాడు. ఆగినప్పుడు మేము మౌనంగా పది లెక్కపెడతాము. చాలాసార్లు ఏడెనిమిది దగ్గరే ఆయత్ అతడికి అందుతున్నది. పెదవి కదపకుండా కూర్చోవడమే మాకింకా అలవాటు కాలేదు.