మోచేతి లెక్క

1974లో పిచర్ టామీ జాన్ మోచేతిలో తెగిన లిగమెంటు స్థానంలో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ అతని రెండో ముంజేతి నుంచి తీసిన టెండన్ అమర్చాడు. ఆ శస్త్రచికిత్సకు ఆటగాడి పేరే స్థిరపడింది. అదే కోత రెండోసారి భరించిన ఇద్దరు పిచర్ల కథను జెఫ్ పాసన్ ‘ది ఆర్మ్’ (2016)లో చెప్పాడు.

పిల్లల మోచెయ్యి మరింత సున్నితం. ఎదుగుతున్న ఎముక అంచునుండే మృదులాస్థి లిగమెంటు కంటే బలహీనం. విసిరినప్పుడల్లా ముందు నలిగేది అదే. అందుకే పదకొండు, పన్నెండేళ్ళవారికి అమెరికా బేస్‌బాల్ విధించిన హద్దు రోజుకు 85 బంతులు. 66 వేసినా నాలుగు రోజుల విశ్రాంతి తప్పదు. కానీ ఏ కోచ్ అయినా తన జట్టు బంతులే లెక్కిస్తాడు. రెండు జట్లకు ఆడే పిల్లవాడి మొత్తం లెక్క తెలిసేది ఇంట్లోవాళ్ళకే. ‘ఈ రోజుకు చాలు’ అనవలసినదీ వాళ్ళే.