ముప్ఫైమంది జాబితా

డిసెంబరు వచ్చిందంటే మా ఇంట్లో ర్యాంకుల గొడవ మొదలవుతుంది. ఎంసెట్ గొడవ అనుకునేరు... కాదు, బేస్‌బాల్ గొడవ!

అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రంలో, డర్హమ్ ఊరికి దగ్గర్లో మేం కాపురం పెట్టి పాతికేళ్లు దాటింది. ఇక్కడ డర్హమ్ బుల్స్ అని ఓ జట్టుంది. 1988లో ‘బుల్ డర్హమ్’ అనే సినిమా వచ్చింది ఈ జట్టు పేరు మీదే. ఫ్లోరిడాలో ఉండే టాంపా బే రేస్ అనే పెద్ద జట్టుకి 1998 నుంచీ ఇది పిల్ల జట్టు. టికెట్టు చవక, ఇంటికి దగ్గర. అందుకే మా అబ్బాయికి ఏడేళ్లప్పటి నుంచీ వేసవి సాయంత్రాలు అక్కడే గడిచిపోయేవి.

మన రంజీ ట్రోఫీలాంటిదే కదా అని మొదట్లో నేననుకున్నాను. కాదు. రంజీ జట్టు తన కప్పు కోసం తను ఆడుతుంది. ఇక్కడ చిన్న జట్టు గెలిచినా ఓడినా పెద్దగా ఎవరూ పట్టించుకోరు. కుర్రాళ్లని తీర్చిదిద్ది పై జట్టుకి పంపడమే దాని పని. సెయింట్ లూయిస్ కార్డినల్స్ జట్టు కోసం బ్రాంచ్ రికీ అనే ఆయన 1920లలో దీన్నో పద్ధతిగా నడిపాడు. దీని పేరే ‘ఫార్మ్ సిస్టమ్’... అంటే పొలం పద్ధతి. కృష్ణా జిల్లావాణ్ణి కాబట్టి నాకు నారుమడి అంటే ఇంకా బాగా అర్థమవుతుంది. సింగిల్ ఎ, హై ఎ, డబుల్ ఎ, ట్రిపుల్ ఎ అని నాలుగు మెట్లు. 2021లో జట్లు తగ్గించాక ముప్ఫై పెద్ద జట్లకీ కలిపి ఇలాంటివి నూట ఇరవై మిగిలాయి. ఒక్కో పెద్ద జట్టు కింద నూటయాభై మందికి పైగా కుర్రాళ్లు. వాళ్లలో చాలామందికి పైన ఒక్క రోజు ఆడే యోగం కూడా ఉండదు.

మరి పైకొచ్చేదెవరు? ఈ ప్రశ్న చుట్టూ ఇక్కడ పెద్ద లోకమే ఉంది. ‘బేస్‌బాల్ అమెరికా’ అనే పత్రిక 2001 నుంచీ ఏటా ఒక లావుపాటి పుస్తకం వేస్తోంది. అందులో జట్టుకి ముప్ఫైమంది చొప్పున కుర్రాళ్లకి ర్యాంకులుంటాయి. అది చూసి మావాడు పన్నెండేళ్ల వయసులో, 2012 డిసెంబరులో, ఓ నోటుబుక్కు తీసి రేస్ జట్టు కుర్రాళ్ల జాబితా సొంతంగా రాశాడు.

ర్యాంకులివ్వడం అంటే నోటికొచ్చినట్టు రాయడం కాదు. బ్యాటుకి బంతి తగిలించడం, బలంగా కొట్టడం, పరుగు, బంతి పట్టడం, విసరడం... ఈ అయిదింటికీ విడివిడిగా మార్కులు. సున్నా నుంచి వంద కాదు, ఇరవై నుంచి ఎనభై! యాభై వస్తే పెద్ద జట్లలో సగటు ఆటగాడని లెక్క. తర్వాత వయసు చూడాలి. డబుల్ ఎ లో పాతికేళ్లవాడు బాగా ఆడితే విశేషం లేదు, పంతొమ్మిదేళ్లవాడు నెట్టుకొచ్చినా విశేషమే. బంతి విసిరేవాళ్లకి మోచేతి గాయాల భయం ఎక్కువ, కాబట్టి ఓ మెట్టు కిందకి దించాలి. చివరికి ఒక చిక్కు ప్రశ్న. గొప్పవాడయ్యే అవకాశం కొంచెమే ఉన్నవాడు ముందా? ఓ మోస్తరుగా తప్పకుండా నిలబడేవాడు ముందా? ఈ ప్రశ్న దగ్గర మా ఇద్దరికీ ఏటా గొడవే. నాది ఎప్పుడూ రెండోవాడి పార్టీ. 1991లో ఎంసెట్ రాసి, మంచి ర్యాంకు తెచ్చుకుని, ఉద్యోగం పట్టి ఇక్కడిదాకా వచ్చినవాణ్ణి... ఇంకే పార్టీలో ఉంటాను?

మావాడి ఆ మొదటి జాబితాలో టిమ్ బెకమ్ నాలుగోవాడు. 2008లో దేశం మొత్తం మీద కుర్రాళ్లని ఎంచుకునే డ్రాఫ్టులో రేస్ జట్టు మొట్టమొదట పిలిచిన పేరు అతనిదే. సంతకానికి అరవై లక్షల డాలర్లకు పైగా ఇచ్చారు. అదే డ్రాఫ్టులో అయిదో పేరుగా వేరే జట్టుకి వెళ్లిన బస్టర్ పోసీ, 2014కల్లా మూడు వరల్డ్ సిరీస్‌లు గెలిచేశాడు. సరే, అదలా ఉంచండి. 2010 డ్రాఫ్టులో ముప్ఫై ఒకటో రౌండుదాకా ఆగి, తొమ్మిది వందల నలభై ఒకటో పేరుగా రేస్ వాళ్లు పిలిచిన కుర్రాడు కెవిన్ కీర్‌మయర్. మావాడి ముప్ఫైమందిలో అతని పేరే లేదు.

2013 వేసవి చివర్లో ఆ ఇద్దరూ ఒకే జట్టులో, మా డర్హమ్‌లోనే ఆడారు. ఒకటో నంబరువాడు, తొమ్మిది వందల నలభై ఒకటో నంబరువాడు... ఒకే మైదానం మీద, ఒకే రంగు చొక్కాల్లో! ఆ సెప్టెంబరులోనే ఇద్దరూ పెద్ద జట్టులో తొలిసారి దిగారు. ఇక్కడిదాకా రావడం బెకమ్‌కీ చిన్న సంగతి కాదు. కానీ కీర్‌మయర్ సెంటర్ ఫీల్డులో బంతులు పట్టే తీరుకి జనం నోళ్లు తెరిచారు. 2015లో మొదలుపెట్టి అతను రిటైరయ్యేలోగా నాలుగు గోల్డ్ గ్లవ్‌లు అందుకున్నాడు.

మొన్న డిసెంబరులో మావాడు సెలవులకి ఇంటికొచ్చినప్పుడు గరాజ్ సర్దుతుంటే ఆ పాత నోటుబుక్కులు బయటపడ్డాయి. తిరగేశాను. ప్రతి జాబితా పక్కనా ఎర్ర సిరాతో రాతలు. 2012 జాబితా కింద ఇలా ఉంది: ‘కీర్‌మయర్ లేడు. తప్పు. నేను బ్యాటొక్కటే చూశాను. కాళ్లు చూడలేదు, చెయ్యి చూడలేదు.’

“ఇవెప్పుడు రాశావురా?” అన్నాను.

“ప్రతి సంవత్సరం కొత్త లిస్టు రాసే ముందు పాతది దిద్దుకుంటా నాన్నా. లేకపోతే అవే తప్పులు మళ్లీ చేస్తా కదా” అన్నాడు, అట్టపెట్టెకి టేపు వేస్తూ.

వాడికది మామూలు మాటే. నాకు మాత్రం గొంతులో ఏదో అడ్డంపడ్డట్టయింది. ఎందుకో చెబుతాను.

నాకో తమ్ముడున్నాడు. కైకలూరు దగ్గర మా ఊళ్లోనే ఉంటాడు. వాడికీ ఎంసెట్‌లో ర్యాంకొచ్చింది... ఏ కాలేజీకీ పనికిరానంత పెద్ద అంకె. ఆ అంకెతోనే వాడి స్థానం మా ఇంట్లో ఖాయమైపోయింది. నేను అమెరికా వచ్చిన మరుసటేడు, 2000లో, నాన్న ఫోన్ చేశారు. “తమ్ముడు మోటార్ల వైండింగ్ షాపు పెడతానంటున్నాడు. అరెకరం అమ్మి ఇమ్మంటున్నాడు. ఏమంటావు?” అని. నేను ఒక్క క్షణమైనా ఆలోచించలేదు. “వాడి వల్లేమవుతుంది నాన్నా, రెండేళ్లలో మూసేస్తాడు. అమ్మొద్దు” అన్నాను. పెద్దకొడుకు మాట, పైగా అమెరికా మాట. పొలం అమ్మలేదు.

తమ్ముడు నూటికి మూడు రూపాయల వడ్డీకి బయట అప్పు చేసి షాపు పెట్టాడు. ఆ అప్పు తీరడానికి ఆరేళ్లు పట్టింది. ఇప్పుడా చుట్టుపక్కల రొయ్యల చెరువుల వాళ్లకి వాడే దిక్కు. రాత్రిపూట ఏరియేటరు మోటారు కాలిపోతే నీళ్లలో ప్రాణవాయువు తగ్గిపోతుంది. తెల్లారేసరికి రొయ్య చచ్చి, లక్షల పంట పోతుంది. అందుకే అర్ధరాత్రి రెండింటికి ఫోనొచ్చినా బండేసుకుని వెళతాడు. మోటారు మీద చెయ్యి పెట్టి, చప్పుడు విని రోగమేంటో చెప్పేస్తాడు. ఆ చెయ్యికీ, ఆ చెవికీ ఏ పరీక్షలోనూ మార్కులు లేవు.

ఆరోజు నేను చేసింది జోస్యం చెప్పడం మాత్రమే అని ఇన్నాళ్లూ అనుకున్నాను. కాదని మావాడి ఆటే చెప్పింది. ర్యాంకు జరగబోయేది చెప్పి ఊరుకోదు, జరిగేదాన్ని మారుస్తుంది కూడా. మొదటి పేరుగా పిలిచి లక్షలు పోసినవాడు తడబడితే ఇంకో ఏడాది, ఇంకో ఏడాది అని ఆగుతారు. తొమ్మిది వందల నలభై ఒకటోవాడు ఒక్క ఏడాది తడబడితే సంచీ సర్దుకోమంటారు. కీర్‌మయర్ గెలిచాడు కాబట్టి అతని పేరు మనకి తెలిసింది. గెలిచేలోపే ఇంటికెళ్లిపోయిన వాళ్లెందరో! తమ్ముడికి నేను తక్కువ ర్యాంకు వేసి ఊరుకోలేదు, వాడికి రావలసిన అవకాశానికే అడ్డం పడ్డాను. వాడు ఆరేళ్లు కట్టిన వడ్డీ నా అంచనాకి పడ్డ ఖరీదు. పన్నెండేళ్ల పిల్లాడు కూడా ఏటా దిద్దుకున్నాడు. నేను పాతికేళ్లలో ఒక్కసారీ ఆ జాబితా తెరిచి చూసుకోలేదు.

ఆ రాత్రి పదింటికి తమ్ముడికి ఫోన్ చేశాను. అక్కడ పొద్దున్న ఎనిమిదిన్నర. షాపు తీస్తున్నట్టున్నాడు, షట్టరు చప్పుడు వినిపిస్తోంది.

“ఒరే... అప్పుడు అరెకరం అమ్మొద్దని నాన్నకి చెప్పింది నేనేరా” అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. తర్వాత నవ్వాడు. “నాకు తెలుసన్నయ్యా. నాన్న అప్పుడే చెప్పారు.”

పాతికేళ్లుగా తెలుసు. పండక్కి వెళ్లిన ప్రతిసారీ బెజవాడ స్టేషనుకి ఎదురొచ్చి నా పెట్టెలు మోసింది, తెలిసే మోశాడు. ఏమనాలో నాకు తోచలేదు.

“ఇప్పుడెందుకవన్నీ... భోంచేశావా?” అన్నాడు.